చోడవరంలో ఉండిపోయిన నా చెయ్యి

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది పైడితల్లి. పాత చీరలు తీసుకుని స్టీలు సామాను ఇచ్చే మనిషి. సొంతవూరు చోడవరం అవతల రావికమతం దగ్గర ఒక పల్లె. ఏడాదిలో నాలుగు నెలలు మా అవనిగడ్డలో తమ్ముడి ఇంట్లో ఉండి వీధులు తిరుగుతుంది. ఆ రోజు మా అరుగు మీద గంప దించి, రెండు చీరలకు బేసిను రాదని పావుగంట వాదించి, చివరికి ఆ బేసిన్‌లోంచే మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చింది.

"ఇది సూడమ్మా. మొన్న మా ఊరెల్లినప్పుడు చోడవరం బస్టాండులో పంచేరు. మీ ఇంట్లో దండేసిన పటం కింద పేరూ, ఈ పేరూ ఒకటేనేటి?"

ఒకటే. మాధవరావు మాస్టారు గీసిన బొమ్మలు వేలం వేస్తారట. వచ్చిన సొమ్ముతో అరటితోటల్లో బతికే చిన్న గబ్బిలాలను కాపాడతారట. కాగితం అడుగున ఒక బొమ్మ అచ్చువేశారు. ఎడమపక్క చిన్నపిల్ల చెయ్యి, చర్మం లోపలి ఎముకలతో సహా. కుడిపక్క గబ్బిలం రెక్క. చేతిలో ఏ ఎముకకు ఏ రంగో రెక్కలో ఆ ఎముకకు అదే రంగు. పిల్ల చిటికెనవేలు కొస దగ్గర వంకరగా ఉంది.

నా చిటికెనవేలు కూడా అలాగే ఉంటుంది. ఆరేళ్ళప్పుడు తలుపు సందులో పడింది. ఆ చెయ్యి నాది.

నేను బడికి వెళ్ళలేదు. బడి కాలవ అవతల ఉండేది, ఆడపిల్లను బల్లకట్టు ఎక్కించడం మా నాన్నగారికి ఇష్టం లేకపోయింది. అక్షరాలు నాయనమ్మ దిద్దించింది. మిగతాదంతా అన్నయ్య చెప్పాడు. పగలు కాలేజీలో తను విన్న పాఠం సాయంత్రం నాకు చెప్పేవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు ఒకసారి నా చెయ్యి కాగితం మీద బోర్లించి పెన్సిలు చుట్టూ తిప్పాడు. చక్కిలిగింతలకు నేను నవ్వుతుంటే, "కదలకే చిట్టీ, చెయ్యి తప్పొస్తే గబ్బిలానికి ఎగరడం రాదు" అన్నాడు. తర్వాత చోడవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరుగా చేరాడు. అయిదేళ్ళకు అక్కడే జ్వరంతో పోయాడు. ఆ మాటకు ముప్పై ఏళ్ళయింది. ఇంటికి ఒక పెట్టె వచ్చింది, అందులో బట్టలు, వాచీ ఉన్నాయి. బొమ్మలు లేవు.

జాకెట్లు కుట్టి దాచుకున్న పదకొండు వేలూ రుమాల్లో కట్టుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టి బయల్దేరాను. ఆ బొమ్మ ఒక్కటి తెచ్చుకోవాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

అనకాపల్లి నుంచి

రైలు దిగి షేరు ఆటో ఎక్కాను. ముగ్గురు కూర్చునే చోట అయిదుగురం. దారి పొడుగునా చెరకు తోటలు. ఎక్కడో బెల్లం కాగుతున్న వాసన వచ్చి పోతోంది. ఎదురుగా భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన, ఆయన పక్కన సంచీ నిండా మునక్కాడలతో ఒకావిడ.

"ఎక్కడికెల్తన్నావమ్మా?" అన్నాడాయన. చోడవరంలో బొమ్మల వేలానికన్నాను.

"గబ్బిలాల ఏలమా? మా ఊరోల్లకి పనీపాటా లేదు. గబ్బిలం ఇంట్లోకొస్తే సీపురట్టుకుని తరిమీవోల్లం. ఇప్పుడు దానికి కౌలు కట్టి కూకోబెడతారట."

"నిన్ను మీ ఆవిడ నలభయ్యేళ్ళనుంచి కూకోబెట్టి తిండెట్టలేదేటి?" అంది మునక్కాడలావిడ. ఆటో అంతా నవ్వింది, డ్రైవరుతో సహా.

నవ్వు తగ్గాక, ఆ బొమ్మలు గీసింది మా అన్నయ్యేనని చెప్పాను. ముసలాయన తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాదవ మేష్టారా? మా పెద్దోడికి సదువు సెప్పేరు" అన్నాడు. దిగేటప్పుడు ఆటో కిరాయి నన్ను ఇవ్వనియ్యలేదు. ఎంత మంచివాళ్ళని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఆ మంచితనమే మూడోరోజు నాకు అడ్డొస్తుందని అప్పుడు తెలియదు.

సన్యాసమ్మ ఇల్లు

అన్నయ్య అద్దెకున్న గది ఇప్పటికీ అలాగే ఉంది. ఇంటావిడ సన్యాసమ్మకు డెబ్బై దాటాయి. నన్ను గడపలోనే ఆపి, మొహం వంక చూసి, "ఆ బుగ్గలే" అంది. కాళ్ళకు నీళ్ళిచ్చింది. పీట వేసి ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం వేసిన ఆనపకాయ పులుసు వడ్డించింది. మా వైపు పులుసులో బెల్లం చిటికెడు వేస్తే వేస్తాం. ఇక్కడ ముక్కే వేస్తారు. మొదటి ముద్దకు కొత్తగా అనిపించింది, మూడో ముద్దకు ఇంకాస్త పోయమన్నాను.

బొమ్మల సంగతి అప్పుడే తెలిసింది.

"మీ నాన్నగారొచ్చి పెట్టి సర్దుకున్నారు. బొమ్మల కట్ట సూపిస్తే, ఎలకలూ గబ్బిలాలూ గీసుకుంటా ఆరోగ్యం పాడుసేసుకున్నాడు, పొయ్యిలో ఎట్టీమన్నారు. అలగేనన్నాను బాబూ. ఆయన ఎల్లిపోనాక నా సేతులు రాలేదు. పెట్టిలో ఏపాకేసి దాసేను. ఏటా ఎండాకాలం ఓ పూట నీడన ఆరబెట్టీదాన్ని."

మా నాన్నగారి మీద నాకు కోపం రాలేదు. కొడుకు పోయిన మనిషి ఏమన్నా అంటాడు. అన్నది వినకుండా ఉండే మనిషిని దేవుడు ఆ ఇంట్లో పెట్టాడు, అదే చాలు.

ఆ గదిలో ఇప్పుడు మృదుల అనే అమ్మాయి ఉంటోంది. చిన్న జంతువుల మీద పరిశోధన చేస్తోంది. ఎలుకలు, ముంగిసలు, గబ్బిలాలు, పాలిచ్చి పెంచేవే అయినా ఎవరూ పట్టించుకోనివన్నీ ఆమెకు చుట్టాలు. సన్యాసమ్మ పెట్టె తెరిచి చూపించిన రోజున వేలం ఆలోచన వచ్చిందట. నన్ను చూసి ఆ అమ్మాయి కంగారు పడింది. "మీవాళ్ళ కోసం వెతికానండీ, ఎవరికీ తెలియలేదు. మీరు వద్దంటే ఆపేస్తాను" అంది.

వద్దనడానికి నేనెవరిని? అన్నయ్యకు ఇష్టమైన పనికే కదా. వేలంలో ఒక బొమ్మ నేనే పాడుకుంటానని మాత్రం చెప్పాను. ఏ బొమ్మో చెప్పలేదు. చెబితే ఊరికే ఇచ్చేస్తుందేమోనని మొహమాటం.

వడ్డాది అరటితోట

రెండోరోజు పొద్దున్నే చోడి అంబలి తాగి, మృదులతో వడ్డాది వెళ్ళాను. చోళ్ళను మేము రాగులంటాం. ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగితే మధ్యాహ్నందాకా ఆకలి ఉండదు.

రామునాయుడి తోటకు చెరకు మధ్యలోంచి దారి. ఆడవాళ్ళు చెరకు దుబ్బుల కింది ఆకుల్ని పాయలుగా తీసి, మెలిపెట్టి, ఒక దుబ్బును ఇంకో దుబ్బుతో కలిపి జడలా అల్లుతున్నారు. గాలికి తోట పడిపోకుండా అట. మా వైపు ఇలా చూసిన గుర్తు లేదు. "నీకూ ఎయ్యమంటావేటి పిన్నీ?" అని ఒక గుంట, ఆడపిల్లను ఇక్కడ అలాగే అంటారు, నా సన్నటి పిలకజడ చూసి నవ్వింది. ఆమె వంక చూస్తూ నీళ్ళ బోదెలో కాలేశాను. చెప్పు బురదలో ఉండిపోయింది. రామునాయుడు చెరకుగడతో కెలికి దాన్ని పైకి తీశాడు.

అరటితోటలో మృదుల ఎండి వేలాడుతున్న ఒక ఆకు కింద నన్ను నిలబెట్టింది. "ముట్టుకోకుండా కిందినుంచి చూడండి" అంది. గొట్టంలా ముడుచుకున్న ఆకు లోపల, బొటనవేలంత ప్రాణి తలకిందులుగా ఉంది. ఒళ్ళు పారాణి రంగు. రెక్క కొంచెం విప్పింది. వేళ్ళ వెంట ఎరుపు, వేళ్ళ మధ్య నలుపు. మన వేళ్ళతో పోల్చి లెక్కపెట్టుకోమని దేవుడే రంగు వేసి చూపినట్టుంది. పొట్టకు కరుచుకుని వేరుశనగ గింజంత పిల్ల.

మా పెరటి అరటిచెట్టులో అన్నయ్య ఇలాంటిదాన్నే చూపించాడు. ఆ తర్వాత మా వైపు నేను మళ్ళీ చూడలేదు. ఎండాకు ఎవరుంచుతున్నారు? నేనే వారం వారం కోయించేస్తాను, పెరడు శుభ్రంగా ఉండాలని.

తోట గట్టున నల్ల సంచుల్లో సరుగుడు మొక్కలు వరసగా పెట్టి ఉన్నాయి.

"నాకు గబ్బిలాల మీద పగేం లేదమ్మా" అన్నాడు రామునాయుడు. "అరిటి గిట్టుబాటవట్లేదు. సరుగుడేసీస్తే నాలుగేళ్ళు దానికేసి సూడక్కర్లేదు. ఈ పాప తోట ఇలాగే ఉంచమంటాది. మూడేళ్ళ కౌలు ముందిచ్చీమన్నాను. రేపు సాయంత్రానికి సొమ్ము సరిపోతే సరే. లేకపోతే సోమారం కూలోల్లొస్తారు."

"ఎంత చేరిందమ్మా?" అని మృదులను అడిగాను. సగం చందాలు వచ్చాయట. మిగతా సగం అన్నయ్య బొమ్మలే తేవాలి.

మాడుగుల

మధ్యాహ్నం ఒక్కదాన్నే మాడుగుల బస్సెక్కాను. పని ఏమీ లేదు. అన్నయ్య ఆఖరి ఉత్తరంలో, "ఈసారి మాడుగుల హల్వా తెస్తాను, నేతితో వేళ్ళు జారిపోతాయి, పలక పట్టుకోలేవు" అని రాశాడు. నాకు అప్పటికి పద్ధెనిమిదేళ్ళు, పలక ఎప్పుడో వదిలేశాను. ఆయనకు మాత్రం నేనెప్పుడూ పలక పిల్లనే.

కొట్టాయన పావుకిలో తూచి నూట పాతిక తీసుకున్నాడు. ముందు రుచి చూడమని ఆకులో ముక్క పెట్టాడు. "ఎవులికమ్మా, ఇంటికా?" అన్నాడు. మా అన్నయ్యకని నోటికొచ్చేసింది. ఆయన ఇంకో ముక్క వేసి పొట్లం కట్టాడు. బస్టాండులో బెంచీ మీద కూర్చుని కొంచెం తిన్నాను. వేళ్ళు నిజంగానే జారాయి.

వేలం

ఆదివారం పొద్దున్న వినాయకుడి గుడికి వెళ్ళి, చెయ్యి కోసం వచ్చాను తండ్రీ అని చెప్పుకున్నాను. వేలం ఒక కల్యాణమండపంలో. గోడ వెంట తీగ కట్టి, అద్దాల పటాలు కట్టించిన పదిహేడు బొమ్మలు వేలాడదీశారు. కలుగులో ధాన్యం దాచిన పందికొక్కు, సగం కలుగు కోసి లోపల చూపినట్టు. ముంగిస వెన్నెముక, పక్కనే ఒక పూలతీగ, రెండూ ఒకే వంపులో. చిట్టచివర నా చెయ్యి. ముంజేతికి మూడు గాజులు కూడా గీశాడు. ఎముకలు కనబడే చేతికి గాజులేమిటని నవ్వొచ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకున్నాను.

జనం చాలామందే వచ్చారు. అన్నయ్య దగ్గర చదివినవాళ్ళు ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్నారు. కొందరు రైతులు, కొందరు విశాఖపట్నంలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు. ఒక్కొక్కరే వచ్చి "మేష్టారి సెల్లెలా మీరు?" అని నమస్కారం పెట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు.

వేలం పాడించేది వినాయక చవితి లడ్డూ వేలాలు పాడించే అప్పారావు గారు. మైకు అక్కర్లేని గొంతు, అయినా మైకు పట్టుకున్నారు.

"ఇదుగో బాబూ, పందికొక్కు. మీ పొలాల్లో ఊరికే దొరుకుతాది. ఇక్కడ మాత్రం డబ్బులియ్యాల. పాట రెండు వేలు!"

"నా వరి తిన్నదానికి మల్లీ నేనే డబ్బులియ్యాలేటి?" అని వెనకనుంచి ఒక గొంతు. అందరూ నవ్వారు. నాకు అన్నయ్య గీత చూసి చెయ్యి ఆగలేదు. ఎత్తేశాను.

అప్పారావు గారు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. ఎవరూ పెంచలేదు. చప్పట్లు కొట్టారు. రెండు వేలకు పందికొక్కు నాదైంది. ఎలుక జాతి కదా, ఎవరికి కావాలి అనుకున్నాను. కానీ తర్వాత వచ్చిన చుంచెలుక ఎనిమిది వేలకు పోయింది. ముంగిస పదహారు వేలకు పోయింది.

టీల విరామంలో సన్యాసమ్మ నా పక్కకొచ్చి కూర్చుంది.

"అమ్మా, ఒక మాట సెప్తాను, ఏటనుకోకు. మా వైపు లడ్డూ పాటలో మొక్కున్న ఇంటోలు సెయ్యెత్తితే ఇంక ఎవులూ ఎత్తరు. ఇయ్యాల నువ్వు మేష్టారి ఇంటిదానివి. నువ్వు ఏ బొమ్మకి సెయ్యెత్తినా అది అక్కడితో ఆగిపోతాది."

నాకు అప్పుడు అర్థమైంది. ఆటో కిరాయి నన్ను ఇవ్వనియ్యని మనుషులు వీళ్ళు.

"ఆఖరి బొమ్మ కోసం డాట్రమ్మొచ్చింది, ఆ పచ్చ సీరావిడ. ఉష అని, మేష్టారి కాడ సదువుకున్న గుంటే. విశాఖపట్నంలో ఎముకల డాట్రు. ఎంతకైనా పాడతానని ముందే సెప్పింది. నిన్ను సూసి, మేష్టారి సెల్లెలు పాడితే నేను పాడనని మృదులతో అనీసింది. ఆ పిల్ల నీతో సెప్పలేక గింజుకుంటంది."

నా రుమాల్లో ఇక తొమ్మిది వేలున్నాయి. పోటీ లేకుండా మొత్తం ఇచ్చేసినా కౌలుకు చాలదని మృదుల మొహం చూస్తేనే తెలుస్తోంది. అడిగితే, ఇంకా ముప్పై వేల దాకా కావాలంది. "మీరు పాడండి పిన్నిగారూ, మీ చెయ్యే కదా. కౌలు సంగతి నేనెలాగో చూసుకుంటాను" అంది. నా వేలు ఎప్పుడు చూసిందో.

రేపు సోమవారం. ఎండాకులో వేరుశనగ గింజంత పిల్ల.

కూర్చుని చేతులు దింపుకుంటే చాలదు. నేను ముందు వరసలో ఉన్నంతసేపూ అందరూ నా మొహమే చూస్తారు. లేచి, వంట జరిగే వెనక వసారాలోకి వెళ్ళిపోయాను.

వెనక వసారా

సన్యాసమ్మ కూడా నా వెంట వచ్చింది. వంటవాళ్ళు చింతపండు గింజ తీస్తుంటే ఒక పళ్ళెం మా ముందుకు లాక్కున్నాం. లోపల అప్పారావు గారి గొంతు.

"ఆఖరి బొమ్మ. సెయ్యీ రెక్కా. పాట అయిదు వేలు. మేష్టారి సెల్లెలుగారేరీ?"

ఎవరో, బయటికెళ్ళారన్నారు. తర్వాత ఒక ఆడగొంతు, పది. ఒక మగ గొంతు, పన్నెండు. పదిహేను. ఇరవై. నా చేతి నిండా చింతపండు జిగురు. అన్నయ్య పెన్సిలు బొటనవేలు దాటి, చూపుడువేలు ఎక్కి దిగుతున్నట్టే ఉంది. కదలకే చిట్టీ.

"అది నాకూ ఇష్టమేనమ్మా" అంది సన్యాసమ్మ పళ్ళెంలోకి చూస్తూ. "ఆరబెట్టినప్పుడల్లా మనవరాల్లు ఆ సేతిమీద సెయ్యెట్టి కొలుసుకునీవోరు. పోయినేడు కంటే పెరిగేనా మామ్మా అని. అందరూ దాన్ని దాటి పెరిగిపోనారు."

"మరి మీరు దాచుకోవాల్సింది కదండీ. మృదులకు ఎందుకిచ్చారు?"

"మేష్టారు నన్ను దాసమన్లేదు, కాల్సమన్లేదు. ఈ గబ్బిలాల గురించే రోజూ సెప్పీవోరు. ఆయన మాట ఇన్నట్టుంటాదని ఇచ్చేను." చింతగింజ ఒకటి తీసి పక్కన పడేసింది. "నాకు గబ్బిలాలంటే ఇప్పటికీ బయ్యమే."

లోపల నలభై రెండు వేల దగ్గర ఆగింది. ఒకటోసారి. రెండోసారి. మూడోసారికి సన్యాసమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది, గింజల చేత్తోనే.

తిరుగు దారి

భోజనాలయ్యాక డాక్టరు ఉష బొమ్మతో వసారాలోకి వచ్చింది. మృదుల చెప్పేసినట్టుంది. "ఇది మీరు తీసుకెళ్ళండి" అంది. వద్దన్నాను. నాకిస్తే, ఆవిడ పాడింది నా కోసమవుతుంది. గబ్బిలాల కోసం పాడినట్టే ఉండనివ్వమన్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు. బల్ల మీద బొమ్మ ఉంచి, "ఒక్కసారి చెయ్యి పెట్టండి" అంది.

కడుక్కుని వచ్చి, అద్దం మీద ఆ చేతిపై నా చెయ్యి ఉంచాను. చిన్న చెయ్యి పూర్తిగా కిందకు వెళ్ళిపోయింది. వంకర వేలు మాత్రం వంకర వేలి మీద సరిగ్గా కూర్చుంది. ఎంతసేపుంచానో తెలియదు. తీశాక సన్యాసమ్మను కూడా పెట్టమన్నాను. ఆమె కొంగుతో అద్దం తుడిచిందే గాని, పెట్టలేదు.

సోమవారం పొద్దున్న వడ్డాది వెళ్ళి చూశాను. కూలీలు రాలేదు. రామునాయుడు సరుగుడు మొక్కలు ఇంకో రైతుకు అమ్ముతున్నాడు. పందికొక్కును పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడది మా పూజగదిలో వినాయకుడి పటం కింద ఉంది. ఆయన వాహనం కులానిదే కదా, ఆయనకేమీ అభ్యంతరం లేనట్టుంది. పెరట్లో అరటి ఎండాకులు కోయించడం మానేశాను. రోజూ సాయంత్రం కిందినుంచి చూస్తున్నాను. ఇంకా ఏదీ రాలేదు.

అన్నయ్యను తలుచుకోవడానికి నేనున్నాను. ఆయన శిష్యులూ ఉన్నారు. ఇది చదివినవారిని నేనడిగేది ఒకటే. ఎండిన అరటాకు ఎప్పుడైనా మీ కంటబడితే, చోడవరంలో సన్యాసమ్మ అనే ఒకావిడను తలుచుకోండి. పొయ్యిలో పెట్టమన్నదాన్ని ముప్పై ఏళ్ళు నీడన ఆరబెట్టి, తనకిష్టమైన బొమ్మ అమ్ముడుపోతున్నప్పుడు నా పక్కన కూర్చుని చింతగింజలు తీసిన మనిషి ఆమె.